చిన్న దొంగతనం, ఊరి ఖజానా

(కె.జి. కన్నబిరాన్ స్మారకోపన్యాసం పాఠం)



పౌరహక్కుల న్యాయవాది కన్నబిరాన్ గారు 2010 డిసెంబరు 30న కన్నుమూశారు. ఆయన పేరు చెప్పగానే మనకు పెద్ద కేసులే గుర్తొస్తాయి. పార్వతీపురం కుట్ర కేసు, ఎమర్జెన్సీ ఖైదీలు, ఎన్‌కౌంటర్ల మీద భార్గవ కమిషన్ ముందు చేసిన వాదన. వాటి ముందు ఇవాళ నేను ఎంచుకున్న విషయం బొత్తిగా చిన్నదిగా కనిపిస్తుంది. దుకాణాల్లో జరిగే దొంగతనాలు, వాటి పేరు చెప్పి మన శివారు నగరాలు పోలీసులకు పెట్టే ఖర్చు. ఆయన పేరు మీద మాట్లాడుతూ ఇదేం విషయమని కొందరు నిర్వాహకులు మొహమాటంగానే అడిగారు. నా జవాబు ఒకటే. రాజ్యం ఎలాంటిదో పెద్ద నేరాల దగ్గర తెలియదు. అక్కడ అందరి కళ్లూ ఉంటాయి. రేజరు బ్లేళ్ల ప్యాకెట్టు జేబులో వేసుకున్నవాడిని ఏం చేస్తుంది, ఆ పని కోసం మన దగ్గర ఎంత తీసుకుంటుంది, ఆ లెక్క ఎవరికి చెబుతుంది అన్న దగ్గరే దాని నిజస్వరూపం బయటపడుతుంది. అధికారం జవాబుదారీ లేకుండా తప్పించుకోవడం మీద కన్నబిరాన్ గారు ఏకంగా ఒక పుస్తకమే రాశారు. జవాబు చెప్పించడం అన్న ఆ పట్టుదలను ఈ చిన్న విషయానికి పెట్టి చూద్దామని నా ప్రయత్నం.

మనం కూర్చున్న ఈ ప్రాంతం గురించే మాట్లాడతాను. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పున, దక్షిణాన ఉన్న ఫ్రీమాంట్, డబ్లిన్, శాన్ రమోన్, కుపర్టినో లాంటి ఊళ్లు. తెలుగు కుటుంబాలు వేలల్లో స్థిరపడిన ఊళ్లు ఇవి. ఇక్కడ ఏ పెద్ద దుకాణంలోకైనా వెళ్లండి. షాంపూలు, సబ్బుపొడి డబ్బాలు, పళ్ల తెల్లదనానికి వాడే పట్టీలు గాజు తలుపుల వెనక తాళాల్లో ఉంటాయి. గంట నొక్కి, తాళంచెవితో మనిషి వచ్చేదాకా నిలబడాలి. రెండు మూడు నిమిషాలు చూసి, విసుగొచ్చి, అదే వస్తువును ఫోన్‌లో ఆర్డరు పెట్టి వెళ్లిపోయేవాళ్లు ఎందరో. ఈ తాళాలు చూసినప్పుడల్లా మన వాళ్ల నోట వచ్చే మాట ఒకటుంది. "950 డాలర్ల లోపు ఎత్తుకుపోతే ఇక్కడ నేరమే కాదట గదా!" వాట్సాప్‌లో ఇది ఎంతగా తిరిగిందంటే, చదువుకున్నవాళ్లు కూడా చట్టంలో ఉన్న మాటలాగే చెబుతారు.

అది నిజం కాదు. 950 డాలర్ల లోపు దొంగతనం కాలిఫోర్నియాలో నేరమే. ఆరు నెలల దాకా కౌంటీ జైలు, వెయ్యి డాలర్ల దాకా జరిమానా ఉన్న నేరం. ఆ గీత దాటితే ఫెలనీ, అంటే పెద్ద నేరం, పెట్టవచ్చు. లోపలుంటే మిస్‌డిమీనర్, అంటే చిన్న నేరం. పెద్ద దొంగతనానికి ఈ గీతను 400 నుంచి 950కి జరిపినది 2011లో అమల్లోకి వచ్చిన మామూలు శాసనం. అందరూ తిట్టే ప్రపొజిషన్ 47 ఆ తర్వాత, 2014 నవంబరులో, దాదాపు 60 శాతం ఓటర్ల ఆమోదంతో వచ్చింది. పనివేళల్లో దుకాణంలోకి వెళ్లి 950 లోపు సరుకు కాజేయడాన్ని షాప్‌లిఫ్టింగ్ అని విడిగా నిర్వచించి, దాన్ని మిస్‌డిమీనర్‌గానే చూడాలంది. పాత దొంగతనం కేసు ఉంది కదా అని చిన్న దొంగతనాన్ని ఫెలనీ చేసే వెసులుబాటును చాలావరకు తీసేసింది. దుకాణపు దొంగతనాల విషయంలో ఆ చట్టం చేసింది అంతే. ఇంకో మాట. మెత్తని రాష్ట్రమని ఎవరూ అనని టెక్సస్‌లో ఆ గీత 2,500 డాలర్ల దగ్గర ఉంది. ఇల్లినాయ్‌లో 300, న్యూజెర్సీలో 200. గీత ఎక్కడుందన్న దాన్ని బట్టే దొంగతనాలు పెరిగేటట్లయితే టెక్సస్ దుకాణాలు ఖాళీ అయిపోవాలి. కాలేదు.

మరి ఏం జరిగింది? ఇది తెలియాలంటే దుకాణం వెనక గదిలోకి వెళ్లాలి.

ఒకాయన సంచిలో సరుకు వేసుకుని, డబ్బు కట్టకుండా తలుపు దాకా వచ్చాడనుకోండి. దుకాణం తరఫున కాపలా కాసే ఉద్యోగిని ఇక్కడ లాస్ ప్రివెన్షన్ మనిషంటారు. చాలా కంపెనీల్లో ఆయనకు వెంటపడవద్దని, చెయ్యి వేయవద్దని ఆదేశం. గాయాలైతే వచ్చే దావాలు సరుకు కంటే ఖరీదైనవి. ఒకవేళ ఆ మనిషిని ఆపగలిగితే వెనక గదిలో కూర్చోబెడతారు. ఉద్యోగి ఆ సరుకునంతా ఒక్కొక్కటిగా స్కాన్ చేసి రసీదు తీస్తాడు. ఎవరూ డబ్బు కట్టని రసీదు అది. దాని అడుగున వచ్చే అంకె మీద ఆ మనిషి భవిష్యత్తు ఆధారపడుతుంది. 950 కింద ఉందా, పైన ఉందా? పోలీసు వచ్చేసరికి అరగంట కావచ్చు, రెండు గంటలు కావచ్చు. మిస్‌డిమీనర్ తన కళ్ల ముందు జరగకపోతే పోలీసు తనంతట తాను అరెస్టు చేయడానికి మొన్నమొన్నటి దాకా వీల్లేదు. దుకాణం ఉద్యోగే "నేను ఇతన్ని అరెస్టు చేస్తున్నాను" అని ఒక కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చేది. గంటకు ఇంత అని జీతం తీసుకునే కుర్రాడు, రేపు కోర్టుకు రావాల్సి వస్తుందేమో అన్న భయంతో, ఆ సంతకం ఎందుకు పెడతాడు? పెట్టినా ఆ మనిషి చేతిలో ఒక నోటీసు పెట్టి పంపిస్తారు, ఫలానా తేదీన కోర్టుకు రమ్మని. ఆ తేదీ వారాల తర్వాత ఉంటుంది.

మన కౌంటీ కోర్టులో ఇలాంటి కేసులు పిలిచే పూట నేను వెనక బెంచీలో కూర్చుని చూశాను. గుమాస్తా పేరు పిలుస్తాడు. జవాబు లేదు. జడ్జి "బెంచ్ వారెంట్" అంటారు. మరో పేరు. జవాబు లేదు. మరో వారెంట్. వచ్చిన కొద్దిమందిలో ఒకావిడ చేతిలో చిన్న సంచి, అందులో కాగితాలు. ఏ బల్ల దగ్గర నిలబడాలో తెలియక లాయర్ల వైపు, పోలీసు వైపు మార్చి మార్చి చూస్తోంది. పబ్లిక్ డిఫెండర్, అంటే ప్రభుత్వం ఇచ్చే లాయరు, ఆమెతో మాట్లాడగలిగినది గది బయట వరండాలో, నిలబడే, నాలుగు మాటలు. చట్టాన్ని నమ్మి వచ్చినవాళ్లకు అక్కడ దొరికినది ఆ నాలుగు మాటలే. రానివాళ్ల పేర్లు వారెంట్ల జాబితాలోకి పోయాయి. ఆ వారెంట్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగే తీరిక ఏ ఊరి పోలీసుకూ లేదు.

మన పల్లెల్లో ఒక సామెత ఉంది, దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. నేర శాస్త్రం రెండున్నర శతాబ్దాలుగా చెబుతున్నదీ దీనికి దగ్గరే. 1764లో ఇటలీలో బెకారియా రాసిన చిన్న పుస్తకం నుంచి, మన కాలంలో డేనియల్ నాగిన్ లాంటి పరిశోధకుల దాకా తేల్చినది ఏమిటంటే, మనిషిని ఆపేది శిక్ష ఎంత పెద్దది అన్నది కాదు, పట్టుబడటం ఎంత ఖాయం అన్నది. పబ్లిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కాలిఫోర్నియా 2024లో ఈ రాష్ట్రం లెక్కలు తీసినప్పుడు కూడా, ఆస్తి నేరాల్లో పోలీసులు తేల్చగలిగిన కేసుల వాటా పడిపోవడాన్నే ముఖ్యమైన కారణాల్లో ఒకటిగా చూపింది. అంటే మనకు కరువైనది ఖాయమే, కాఠిన్యం కాదు. నేను ఈ సభలో చెప్పదలచుకున్నది కూడా ఇదే. ఊరి డబ్బు ఖాయాన్ని కొనాలి. మనం కాఠిన్యం కొంటున్నాం, దాని ఖరీదు కూడా పూర్తిగా కట్టడం లేదు.

2024 నవంబరులో ప్రపొజిషన్ 36 వచ్చింది. ఓటేసినవారిలో 68 శాతం ఒప్పుకున్నారు. అంతకు ముందు రెండు దొంగతనం శిక్షలున్న మనిషి మూడోసారి పట్టుబడితే, సరుకు ఎంత చిన్నదైనా, ఫెలనీ పెట్టవచ్చు. మాదకద్రవ్యాల కేసుల్లో చికిత్సకు ఒప్పుకున్నవారికి శిక్ష తప్పే దారి ఒకటి పెట్టారు. ఆలోచన నాకు పూర్తిగా తప్పుగా తోచలేదు, ఆ సంగతి దాచను. మళ్లీ మళ్లీ చేసేవాళ్లు నిజంగానే కొద్దిమంది. న్యూయార్క్ నగరంలో 2022లో అయిన దుకాణపు దొంగతనం అరెస్టుల్లో దాదాపు మూడో వంతు కేవలం 327 మందివని అక్కడి పోలీసులే చెప్పారు. అలాంటి వాళ్ల గురించి ప్రత్యేకంగా ఆలోచించాల్సిందే. కానీ ప్రపొజిషన్ 36 తనతో పాటు ఒక్క డాలరు కూడా తీసుకురాలేదు. చికిత్స అంది, చికిత్సా కేంద్రాలకు డబ్బు చూపలేదు. కోర్టుకు పని పెంచింది, పబ్లిక్ డిఫెండర్‌ను పెంచలేదు. ఆ తర్వాత రాష్ట్ర బడ్జెట్ ఒక్కసారికి అని కొంత విదిల్చింది. వైద్యుడు లేని ఆసుపత్రికి రోగులను పంపమని ఓటేసినట్టయింది.

ఇప్పుడు ఖజానా లెక్కకు వస్తాను. మన వాళ్లకు ఇది కాస్త కొత్త. ఆంధ్రలో, తెలంగాణలో పోలీసు శాఖ రాష్ట్రానిది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో అది రాష్ట్రాల జాబితాలో ఉంది. గుంటూరు కార్పొరేషనో, కరీంనగర్ కార్పొరేషనో ఒక కానిస్టేబుల్‌ను కూడా నియమించలేదు. ఇక్కడ అలా కాదు. ఫ్రీమాంట్‌కు తన పోలీసులున్నారు. శాన్ రమోన్ 2007 దాకా కౌంటీ షెరిఫ్ సేవలు కొనుక్కుని, ఆ ఏడాది సొంత శాఖ పెట్టుకుంది. డబ్లిన్, కుపర్టినో ఇప్పటికీ షెరిఫ్‌తో కాంట్రాక్టు మీద నడుస్తున్నాయి. డబ్లిన్‌లో పోలీసు కారు మీద ఊరి పేరే ఉంటుంది, లోపల కూర్చున్నది కౌంటీ మనిషి. ఈ కాంట్రాక్టు పద్ధతి 1954లో లాస్ ఏంజెలెస్ పక్కన లేక్‌వుడ్ అనే ఊరితో మొదలైంది. పెద్ద షాపింగ్ సెంటర్ చుట్టూ లేచిన ఊరు అది. ఏ పద్ధతైనా, డబ్బు ఊరిదే, నిర్ణయం సిటీ కౌన్సిల్‌దే. ఇలాంటి చాలా ఊళ్లలో సాధారణ నిధిలో అన్నిటికంటే పెద్ద పద్దు పోలీసులదే.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? 1978లో ప్రపొజిషన్ 13 ఇంటి పన్నును విలువలో ఒక శాతానికి కట్టేసింది. ఇల్లు చేతులు మారేదాకా ఆ విలువను ఏడాదికి రెండు శాతం కంటే పెంచకూడదంది. ఆ ఒక శాతాన్నీ బడి, కౌంటీ, ఊరు, నీళ్ల బోర్డు పంచుకోవాలి. ఊరికి మిగిలేది కొంచెం. అమ్మకపు పన్ను అలా కాదు. దుకాణంలో జరిగిన, పన్ను పడే ప్రతి అమ్మకంలో ఒక శాతం నేరుగా ఆ ఊరి ఖజానాకు వస్తుంది. అందుకని మేయర్లు ఇళ్లను కాక దుకాణాలను పిలిచారు. హైవే పక్కన స్థలం దొరికితే చాలు, షాపింగ్ సెంటర్. పార్కింగ్ కోసం ఎకరాలకు ఎకరాలు. మనం శనివారం సాయంత్రాలు తిరిగే ఆ పెద్ద దుకాణాల వరసలన్నీ ఊరికి పోలీసు జీతాలు, లైబ్రరీ జీతాలు సంపాదించి పెట్టడానికి వచ్చినవి కూడా.

ఇక ఒక చిన్న లెక్క. 950 డాలర్ల సరుకు సక్రమంగా అమ్ముడైతే ఊరికి వచ్చేది 9 డాలర్ల 50 సెంట్లు. అదే సరుకు పోయి, పోలీసు వచ్చి, వీడియో చూసి, సాక్షితో మాట్లాడి, రిపోర్టు రాసి, కోర్టుకు పంపితే ఎంత ఖర్చు? ఒక పోలీసు అధికారి గంట విలువ, జీతం, పెన్షన్, బీమా, కారు కలుపుకుంటే, ఆ తొమ్మిదిన్నర డాలర్లను మొదటి కొద్ది నిమిషాల్లోనే మింగేస్తుంది. చారణా కోడికి బారణా మసాలా అని తెలంగాణలో అంటారు. అలాగని మసాలా వద్దనడం లేదు. దొంగతనాన్ని ఉపేక్షిస్తే దుకాణం మూతపడుతుంది, పక్క వీధిలో నడిచి వెళ్లి మందులు తెచ్చుకునే ముసలామెకు ఫార్మసీ లేకుండా పోతుంది. కానీ బారణా ఎవరు పెడుతున్నారో, దానితో ఏం వండుతున్నారో అడిగే హక్కు మనకుంది.

2023 సెప్టెంబరులో రాష్ట్రం 55 నగరాలకు, కౌంటీలకు కలిపి 26 కోట్ల 70 లక్షల డాలర్లు పంచింది, ముఠా దొంగతనాలను అరికట్టడానికి. మంచిదే. కొన్ని ఊళ్లు మఫ్టీ పోలీసులను దుకాణాల్లో ఉంచి, లాస్ ప్రివెన్షన్ వాళ్లతో కలిసి ఒక్కరోజులో చాలామందిని పట్టుకున్నాయి. డబ్బు చాలాచోట్ల కెమెరాలకు, డ్రోన్లకు, ఓవర్‌టైముకు కూడా పోయింది. ముఖ్యంగా కార్ల నంబరు పలకలను చదివే కెమెరాలకు. ఊరిలోకి వచ్చే ప్రతి కారు నంబరూ రాసిపెట్టుకునే యంత్రాలవి. ముఠాగా వచ్చి, అద్దె కారులో పారిపోయేవాళ్లను పట్టడంలో అవి పనికొస్తాయి, ఒప్పుకుంటాను. అయితే దొంగతో పాటు గుడికి వెళ్లే మీ కారు, ఇమిగ్రేషన్ లాయరు దగ్గరికి వెళ్లే మీ పొరుగువాడి కారు కూడా ఆ జాబితాలోకి ఎక్కుతాయి. ఆ సమాచారాన్ని రాష్ట్రం బయటి సంస్థలతో, కేంద్ర ఏజెన్సీలతో పంచుకోకుండా 2015 నాటి ఎస్‌బీ 34 అడ్డుకట్ట వేసింది. ఆ చట్టం మీ ఊళ్లో అమలవుతోందా లేదా అని ఎంతమంది కౌన్సిలర్లు అడిగారు? కన్నబిరాన్ గారు బతికుంటే మొదట అడిగే ప్రశ్న ఇదే అయ్యుండేది.

గ్రాంటు డబ్బుకు మరో గుణం ఉంది. అది కొన్నేళ్లకు అయిపోతుంది. కానీ ఒక పోలీసు అధికారిని నియమించడమంటే ముప్పై నలభై ఏళ్ల బాధ్యత. 1999 తర్వాత కాలిఫోర్నియా ఊళ్లలో చాలావాటిలో పోలీసులకు యాభయ్యో ఏట నుంచి, చేసిన ప్రతి ఏడాదికీ జీతంలో మూడు శాతం చొప్పున పెన్షన్ ఇచ్చే ఒప్పందాలు కుదిరాయి. ముప్పై ఏళ్లు చేస్తే జీవితాంతం జీతంలో తొంభై శాతం. 2013లో కొత్తవారికి ఆ లెక్క తగ్గించారు గానీ, పాత బరువు ఇంకా ఖజానా మీదే ఉంది. పోలీసుల కష్టానికి అది ఎక్కువని నేను అనను. కానీ మూడేళ్ల గ్రాంటు చూసి ముప్పై ఏళ్ల ఖర్చు నెత్తికెత్తుకున్న ఊరు, గ్రాంటు అయిపోగానే కోసేది లైబ్రరీ వేళలను, పిల్లల సాయంకాలపు తరగతులను. పిల్లలు వీధిన పడేది అప్పుడే.

దుకాణాల బాధ్యత గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. 2023లో అమెరికా దుకాణదారుల సమాఖ్య తన రిపోర్టులో, పోయిన సరుకులో దాదాపు సగం ముఠాల దొంగతనం వల్లేనని రాసింది. తర్వాత అది తప్పని తేలి, ఆ ఏడాది డిసెంబరులో వెనక్కి తీసుకుంది. అదే సంవత్సరం జనవరిలో వాల్‌గ్రీన్స్ ఆర్థిక విభాగం అధిపతి, దొంగతనాల గురించి తాము బహుశా అతిగా గగ్గోలు పెట్టామని మదుపుదారుల ముందు ఒప్పుకున్నారు. కానీ ఆ గగ్గోలు మీద అప్పటికే ఎన్ని కౌన్సిళ్లు ఓట్లేశాయో! ఆ సమాఖ్య సర్వేలోనే 2022లో పోయిన సరుకులో బయటివాళ్ల దొంగతనం 36 శాతం, సొంత ఉద్యోగుల చేతివాటం 29 శాతం, లెక్కల్లో, సరఫరాలో జరిగే పొరపాట్లు 27 శాతం. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంటిదొంగ లెక్కను కూడా వీధి దొంగ పద్దులో రాసి, ఊరి పోలీసును కాపలాకు పిలవడం న్యాయం కాదు. లాభం కోసం క్యాషియర్లను తీసేసి స్వయంగా స్కాన్ చేసుకునే యంత్రాలు పెట్టింది కంపెనీలే. ఖాళీ నడవల్లో మనిషి కనబడకపోతే దొంగకు ధైర్యం వస్తుంది. తమ జీతాల ఖర్చును తగ్గించుకుని ఆ కాపలా పనిని ఊరి ఖజానా మీదికి నెట్టిన కంపెనీని, తన వంతు కట్టమని అడగడం తప్పు కాదు. ఒకే చిరునామా నుంచి ఏడాదికి వందల పిలుపులు వస్తుంటే, ఆ సంఖ్యను బడ్జెట్ పుస్తకంలో అచ్చువేయాలి.

మరి ఖాయం అంటే ఏమిటి? అందరినీ పట్టి లోపల పడేయడం కాదు. దానికి పూర్తిగా వ్యతిరేకమైన సాక్ష్యం మన దగ్గర ఉంది. బోస్టన్ ఉన్న సఫోక్ కౌంటీలో ఆగన్, డోలియాక్, హార్వే అనే ముగ్గురు ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం ఒకటుంది. హింస లేని చిన్న నేరాల్లో, కేసు నడపాలా వద్దా అన్న అంచున ఉన్న వ్యక్తులను కేసు లేకుండా వదిలేసినప్పుడు, తర్వాతి రెండేళ్లలో వాళ్ల మీద కొత్త ఫిర్యాదు వచ్చే అవకాశం 53 శాతం తగ్గింది. మొదటిసారి చిక్కినవాళ్లలో ఆ మేలు మరీ స్పష్టం. కారణం ఊహించలేనిది కాదు. కేసు అంటే ఒక రికార్డు. రికార్డు అంటే ఉద్యోగం రాదు, అద్దెకు ఇల్లు దొరకదు. సియాటిల్‌లో 2011లో మొదలైన లీడ్ అనే పద్ధతిలో పోలీసే మనిషిని కోర్టుకు కాక సహాయకుల దగ్గరికి తీసుకెళతాడు, ఇల్లు, వైద్యం చూసేవాళ్ల దగ్గరికి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం లెక్క ప్రకారం ఆ దారిలో వెళ్లినవాళ్లు మళ్లీ అరెస్టయ్యే అవకాశం 58 శాతం తక్కువ. ఖాయమంటే ఇది. పట్టుబడిన ప్రతి మనిషికీ అదే వారంలో ఒక జవాబు రావాలి. మొదటిసారివాడికి సరుకు ఖరీదు కట్టించి, కొద్ది గంటల సేవ చేయించి, రికార్డు లేకుండా పంపాలి. వ్యసనంలో ఉన్నవాడికి మంచం దొరకాలి. ముఠాకు సరుకు ఎత్తి ఇచ్చేవాడి వెనక, ఆ సరుకును ఆన్‌లైన్‌లో అమ్మేవాడి దాకా వెళ్లే డిటెక్టివ్ ఉండాలి. 2023 జూన్ నుంచి అమల్లో ఉన్న ఇన్‌ఫార్మ్ చట్టం ప్రకారం ఆన్‌లైన్‌లో పెద్ద ఎత్తున అమ్మేవాళ్లు ఎవరో ఆ వేదికలు తేల్చుకుని ఉండాలి. అక్కడ తీగ లాగితే డొంక కదులుతుంది. వీటన్నిటికీ డబ్బు కావాలి. కానీ ఇది కొత్త గస్తీ కారు కొనే డబ్బు కాదు.

ఈ విషయంలో మన దేశమూ ఒక అడుగు వేసింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, అయిదు వేల రూపాయల లోపు దొంగతనానికి మొదటిసారి శిక్షపడే మనిషి సరుకో, దాని విలువో తిరిగి ఇచ్చేస్తే, శిక్ష సమాజ సేవ మాత్రమే. నూటయాభై ఏళ్లకు పైగా ఉన్న పాత శిక్షాస్మృతి రొట్టె దొంగను కూడా మూడేళ్లు లోపల వేయగలిగేది. కొత్త చట్టాల్లో నాకు అభ్యంతరాలు చాలా ఉన్నాయి. ఈ ఒక్క నిబంధనను మాత్రం మనసారా మెచ్చుకుంటాను. మన కోర్టులు, మన స్టేషన్లు దాన్ని నిజంగా అమలు చేస్తున్నాయో లేదో కనిపెట్టుకుని ఉండటం అక్కడి మిత్రుల పని.

చివరగా, మన పిల్లల సంగతి. 2024లో న్యూజెర్సీలో ఒక కిరాణా దుకాణంలో కొన్ని వస్తువులకు డబ్బు కట్టలేదన్న ఆరోపణ మీద ఇద్దరు తెలుగు విద్యార్థినులను అరెస్టు చేస్తే, మన చానళ్లు వాళ్ల పేర్లు, ఊళ్లు చెప్పి పండగ చేసుకున్నాయి. అలా చేసిన సంపాదకులను నేను క్షమించలేను. నేరం రుజువు కాకముందే ఆ తల్లిదండ్రులు ఊళ్లో తలెత్తుకోలేకుండా చేశారు. 2025 జులైలో భారత్‌లోని అమెరికా రాయబార కార్యాలయం, దొంగతనం కేసు వస్తే వీసా రద్దు కావచ్చని, మళ్లీ వీసా దొరక్కపోవచ్చని బాహాటంగానే హెచ్చరించింది. అంతకు ముందు ఏప్రిల్‌లో విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే సెవిస్ అనే ప్రభుత్వ వ్యవస్థలో వేలమంది రికార్డులను రద్దు చేశారు. వాళ్లలో కేసు కొట్టేసినవాళ్లూ ఉన్నారు. కోర్టులు జోక్యం చేసుకున్నాక ఆ నెలాఖరులోనే రికార్డులను తిరిగి పెట్టారు. ఊరి పోలీసు రాసే చిన్న కాగితానికి మన పిల్లల విషయంలో ఎంత బరువుందో దీన్ని బట్టి తెలుస్తుంది. అరుదుగా డబ్బు లేక, ఎక్కువగా "ఇక్కడ ఎవరూ పట్టించుకోరు" అని ఎవరో చెప్పిన మాట విని చెయ్యి చాపే పిల్లలకు ఈ నిజం విమానం ఎక్కకముందే చెప్పాలి. ఒకవేళ ఎవరైనా చిక్కితే, దుకాణం వెనక గదిలో క్షమాపణ కాగితం మీద సంతకం పెట్టకముందు లాయరును అడగమనండి. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేస్తారా అన్న సంగతి క్లయింటుకు చెప్పడం లాయరు విధి అని 2010లో పడియా కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ హక్కు వీసా మీద ఉన్నవాడికీ ఉంది.

మన ఊళ్ల ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది. అందుకని మే, జూన్ నెలల్లో బడ్జెట్ మీద బహిరంగ విచారణ జరుగుతుంది. ఆ హాళ్లలో మన వాళ్లు అరుదుగా కనిపిస్తారు. బడి సరిహద్దుల మీద చర్చ ఉంటే నిండిపోతారు, పోలీసు పద్దు వచ్చేసరికి కుర్చీలు ఖాళీ. ఈసారి వెళ్లండి. పోయిన ఏడాది దుకాణాల నుంచి ఎన్ని పిలుపులు వచ్చాయి, వాటిలో ఎన్నింటికి వారంలో జవాబు దొరికింది, గ్రాంటు ఏ తేదీన అయిపోతుంది, ఆ తర్వాత ఆ జీతం ఎవరిస్తారు, నంబరు పలకల సమాచారం ఎవరికి వెళుతోంది, మొదటిసారి చిక్కిన మనిషికి కోర్టు కాక మరో దారి ఉందా అని అడగండి. 1953 నాటి బ్రౌన్ చట్టం ప్రకారం కాలిఫోర్నియాలో సిటీ కౌన్సిల్ ముందు ఎవరైనా మాట్లాడవచ్చు. ఓటు ఉండనక్కర్లేదు, పౌరసత్వం ఉండనక్కర్లేదు, పేరు చెప్పనక్కర్లేదు.